తూకం వేయని ఇనుము

లెక్కకు ఇరవై మూడు రోజులు

దినచర్య రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. పేరు దస్తగిరమ్మ. వయసు యాభై నాలుగు. వృత్తి వెల్డింగు. ఊరు నాపరాళ్ళపల్లె, ఇంకో ఇరవై మూడు రోజుల పాటు. ఆ తర్వాత దీన్ని ఊరంటారో అడవంటారో వన మండలి వారే చెప్పాలి.

అనుమతి లేకుండా యంత్రం చేసేవాళ్ళు రోజూ ఏం చేశారో రాసి ఇవ్వాలని నిబంధన. రాసి ఇస్తే యంత్రం ఒక్కటే పట్టుకుపోతారు. రాయకపోతే మనిషిని కూడా పట్టుకుపోయి ఏడాది పాటు మొలకల శిబిరంలో సంచుల్లోకి మట్టి నింపిస్తారు. రాసినదాన్ని ఒక్క అక్షరం మార్చకుండా చుట్టుపక్కల నలభై ఊళ్ళ బోర్డుల మీద అంటిస్తారు, చదివినవాళ్ళకు బుద్ధి రావాలని. పోయిన నెల మా బోర్డు మీద ఎవరో పెద్దమనిషి దినచర్య అంటించారు. నీళ్ళ పంపు చేశాడట. "తప్పయింది, క్షమించండి" అని రెండు ముక్కలు, కింద వేలిముద్ర. నాకు ఒళ్ళు మండిపోయింది. మండలి మీద కాదు, ఆయన మీద. పంపు చేశావు కదయ్యా, ఎలా చేశావో రాసి చావొచ్చు కదా!

ఇవాళ పొద్దున షాపు తలుపు తీయడానికి కొడవలి కావలసి వచ్చింది. నిన్న మోకాలెత్తున ఉన్న తుమ్మ ఇవాళ గడియ దాకా వచ్చింది. మండలి కాగితాల్లో దాని పేరు హరితసిరి. గాలిని కడుగుతుందట. మేము ఉరుకుతుమ్మ అంటాము. తొమ్మిదేళ్ళ కిందట విమానంలో వచ్చి గింజలు చల్లిపోయారు. మమ్మల్ని అడిగింది లేదు.

మా ఊరి భూమి నాలుగు వందల ఎనభై ఎకరాలు. అందులో మూడు వందల ఎకరాలు ఇప్పుడు తుమ్మే. ఇరవై మూడు రోజుల తర్వాత లెక్కల గద్ద వస్తుంది. అంటే రెక్కలున్న కెమెరా, మనిషి ఉండడు, బతిమాలుకోవడానికి మొహం కూడా ఉండదు. సగానికి మించి తుమ్మ కనిపిస్తే ఆ రోజు నుంచి ఊరు వనం. ఇళ్ళకు సీళ్ళు. మాకు పట్నంలో పదహారో అంతస్తులో గూళ్ళు. మేకలు ఎక్కడ ఉంటాయని, వాటిని కాసే గిడ్డమ్మ అడిగితే, "జాబితాలో మేకలు లేవు" అన్నారు.

తుమ్మ కొట్టే యంత్రం పంపమని అర్జీ పెట్టాం. మా వంతు ఆరు వందల పదకొండు అని జవాబు వచ్చింది. ఒక్కో ఊరికి రెండు రోజులు. లెక్క నాకూ వచ్చు. మూడేళ్ళ తర్వాత వచ్చి ఆ యంత్రం ఎవరి ఊరిని బాగుచేస్తుంది?

అందుకని నేనే చేస్తున్నాను. రాసుకోండి.

లెక్కకు ఇరవై రెండు రోజులు

మా ఊరి రైతు మద్దిలేటి ట్రాక్టరు తెచ్చాడు. చిన్నది, పద్దెనిమిది గుర్రాలది, వాళ్ళ నాయన కాలం నాటిది. కానుగ నూనెతో నడుస్తుంది. కొత్త ట్రాక్టర్లయితే మండలి ముద్ర లేని పనిముట్టు వెనక తగిలిస్తే చాలు, ఇంజను ఆపేసుకుని మన మీద ఫిర్యాదు కూడా అవే పంపుతాయి. దీనికి బుర్ర లేదు. అందుకే దీన్ని గడ్డివాము వెనక ఇన్నాళ్ళు దాచుకున్నాడు.

"ఏందిక్కా, కొడవళ్ళతో కాదంటావా?" అన్నాడు.

"నలభై మంది కొడితే రోజుకు ఎకరం. సూస్తాండావు గదా, ఎనక్కి తిరిగేలోపల మళ్ళీ మొలుస్తాది."

"కాల్చేస్తే?"

"గింజ పగిలి మూడింతలు లేస్తాది. పోయినేడు పక్కూరోళ్ళు కాల్చిరి. ఇప్పుడు వాళ్ళ ఊరేడుందో సెప్పు."

మద్దిలేటి ట్రాక్టరును షాపు లోపలికి తోలాడు. పక్క ఊళ్ళో వాళ్ళ అత్తగారిల్లు ఉండేది.

లెక్కకు ఇరవై ఒక్క రోజులు

ఇంటి ఇనుము వచ్చింది. మండలి వారికి తెలియదేమో, మా వైపు ఊరందరి కోసం ఏదైనా పనిముట్టు చేస్తే ఇంటింటి నుంచి ఇనుము వస్తుంది. సూది ఇచ్చినా సరే, నాగలి ఇచ్చినా సరే. తెచ్చి కుప్పలో వేసి వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు. ఆ ఇనుమును తాసులో పెట్టకూడదు. ఇనుమును తూచడమంటే ఇచ్చిన ఇంటిని తూచడమే. మా షాపులో తాసు ఉన్నా పని అయ్యేదాకా దాని మీద గోనె కప్పి ఉంచుతాము.

కుప్పలో ఏమేం వచ్చాయో రాస్తాను. పాత జీపు వెనక ఇరుసు, డిస్కు నాగలి పళ్ళెం ఒకటి, బావి గొలుసులు, మంచం కోళ్ళు, తలుపు గడియలు, ఒక దోసె పెనం. పెనం ఎవరిదో నాకు తెలుసు, వాళ్ళింట్లో రెండోది లేదు. ఆ పెనాన్ని పక్కన పెట్టి వెనక్కి పంపుదామనుకున్నాను. పంపితే అవమానం. ఉంచుకున్నాను. ఆ ఇంట్లో ఇవాళ దోసెలు లేకపోవడానికి కారణం వన మండలి అని కూడా రాసుకోండి.

కత్తుల పైన కప్పడానికి దళసరి రేకు దొరకలేదు. ఊరి మొదట్లో మండలి వారు పాతిన బోర్డు ఉంది, "ఇది కాబోయే వనం" అని. నాలుగడుగుల రేకు, మంచి దళసరి. కోసుకొచ్చాను. అది వేరే నేరమని తెలుసు.

లెక్కకు పద్దెనిమిది రోజులు

మండలి వారికి అర్థం కావాలని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ట్రాక్టరు వెనక, పనిముట్లను తిప్పడానికి ఉండే పీటీఓ ఇరుసు నిమిషానికి ఐదు వందల నలభై సార్లు తిరుగుతుంది. అది తిరిగేది ట్రాక్టరు పొడుగునా. మనకు కావలసింది నేల మీద అడ్డంగా గిర్రున తిరిగే కత్తి. తిప్పుడును మలుపు తిప్పే పళ్ళచక్రాలు జీపు వెనక ఇరుసులోనే ఉంటాయి. జీపులో ఇంజను వైపుండే మూతికి పీటీఓ తగిలిస్తే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. అప్పుడు కత్తి తుమ్మను కోయదు, నములుతుంది. అందుకని తిరగేసి పెట్టాను. చక్రం వైపు ఇరుసుకు పీటీఓ తగిలించి, ఇంజను వైపు మూతిని నేలకు దించాను. ఇప్పుడు వేగం దాదాపు రెండు వేలు. రెండో చక్రం వైపు ఇరుసు కోసి మూత వేశాను. లోపల ఉండే చిన్న పళ్ళచక్రాలను కదలకుండా వెల్డింగుతో కట్టేశాను. కట్టకపోతే తిప్పుడంతా కోసిన వైపుకు పోయి కత్తి కదలదు.

పీటీఓకూ ఇరుసుకూ మధ్య ఒక మెత్తని బోల్టు వేశాను. మొద్దు తగిలితే పళ్ళచక్రాలు పగలకుండా ముందు అదే తెగాలి. అలాంటివి ఒక డజను జేబులో ఉండాలి.

నేలకు దించిన మూతికి నాగలి పళ్ళెం బోర్లించి బిగించాను. పళ్ళెం అంచున ఎదురెదురుగా రెండు బోల్టులు. వాటికి రెండు కత్తులు వదులుగా వేలాడతాయి. తిరిగేటప్పుడు విచ్చుకుంటాయి, రాయి తగిలితే వెనక్కి ముడుచుకుంటాయి. నడిమి నుంచి కత్తి కొన దాకా పదహారు అంగుళాలు, అంతకు మించకూడదు. వెనక బావి గొలుసులు తెరలాగా వేలాడదీశాను, రాళ్ళు ఎగిరి వెనక ఉన్నవాళ్ళకు తగలకుండా.

లెక్కకు పదహారు రోజులు

ఇవాళ నేను అరవని మనిషి లేడు.

మా ఊళ్ళో పైవీధి, కిందవీధి అని రెండు. ముప్పై ఏళ్ళ కిందట చొప్ప కోసే మిషను చేసినప్పుడు కత్తి పైవీధి ఇనుముతో అయింది, కాళ్ళు కిందవీధి ఇనుముతో అయ్యాయి. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. ఊరు మునిగిపోతుంటే కూడా పోలేదు.

పైవీధి నుంచి చౌడప్ప వచ్చాడు. ఒకప్పుడు లారీ నడిపేవాడు. లారీ కమాను పట్టీ ఒకటి భుజాన వేసుకొచ్చాడు. చక్రాల మీద బరువు మోసే ఉక్కు పట్టీ అది, కత్తికి దాన్ని మించింది లేదు. వెనకే కిందవీధి నుంచి మేకల గిడ్డమ్మ గడ్డపార పట్టుకుని వచ్చింది.

"కత్తికి ఇదే మేలు, కమాను పట్టీ," అన్నాడు చౌడప్ప.

"ఇంగోసారి మా ఇనుము కాళ్ళకేనా?" అంది గిడ్డమ్మ. "మా గడ్డపార కొయ్యలేదా? మా నాయన దీంతో బావి తవ్వినాడు!"

"అవ్వా, అది కొయ్యదని ఎవురన్నారు? ఇది మేలంటాండా, అంతే."

"దస్తగిరీ, నువ్వు మా వీధి బిడ్డవే గదా, నువ్వు సెప్పు."

నేను ఇద్దరినీ తిట్టాను. మండలి వాడు మనందరినీ కలిపి పదహారో అంతస్తుకు మోసుకుపోతాడు, అక్కడ పైవీధీ లేదు కిందవీధీ లేదు, కొట్టుకోవడానికి మెట్లు మాత్రం ఉంటాయి అని అరిచాను. గొంతు పోయింది. అయినా గిడ్డమ్మ కుప్ప దగ్గరి నుంచి కదల్లేదు. చివరికి ఒక కత్తి కమాను పట్టీతో, ఒక కత్తి గడ్డపార సాగగొట్టి చేశాను. పొడవు ఒకటే, వెడల్పు ఒకటే, అంచు ఒకటే. ఇద్దరూ సంతోషంగా వెళ్ళారు.

లెక్కకు పద్నాలుగు రోజులు

పరీక్ష చేశాం. కొబ్బరికాయ కొట్టారు, ట్రాక్టరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మద్దిలేటి సీటెక్కాడు. మొదటి పది గజాలు తుమ్మ పిండి అయిపోయింది. జనం కేకలు వేశారు. గిడ్డమ్మ ఏడ్చింది.

పదిహేనో గజం దగ్గర యంత్రం వణికింది. నేను చెయ్యెత్తేలోపు కిందవీధి కత్తి ఊడి, పైన కప్పిన మండలి వారి బోర్డు రేకును చీల్చుకుని, వెనక టైరును కోసుకుని, మద్దిలేటి ఎడమ కాలి పిక్కలో దిగింది.

కట్టు కట్టి ఎద్దులబండి మీద ఆసుపత్రికి పంపాం. తుమ్మలో దారి మూసుకుపోయి ఉంది కదా, ముందు ఆరుగురు కొడవళ్ళతో నరుకుతూ నడిస్తే వెనక బండి. నాలుగు మైళ్ళకు ఐదు గంటలు పట్టింది. గాలిని కడుగుతుందట హరితసిరి! ఆ ఐదు గంటలు మీలో ఒక్కరు ఆ బండి మీద ఉండవలసింది.

కారణం: బోల్టు వదులైంది.

లెక్కకు పన్నెండు రోజులు

మద్దిలేటి కాలు ఉంది. పిక్కలో కండ పోయింది. ఇక కుంటాలి.

షాపు ముందు ఊరిని పోగుచేశాను. "ఈసారి రెండు కత్తులూ ఒకే పట్టీలోంచి కోస్తాను. రెండింటినీ తూకం వేస్తాను," అన్నాను.

అందరూ నేను బూతు మాట అన్నట్టు చూశారు. చౌడప్ప తల దించుకున్నాడు.

"ఇచ్చిన ఇనుమును తూస్తావా?" అంది గిడ్డమ్మ. "మీ అమ్మ బతికుంటే నీ సెయ్యి ఇరగ్గొట్టేది."

"కొట్టనీ. ఒగ సెయ్యితోనే తూస్తా."

చౌడప్ప ఇంటికి వెళ్ళి ఇంకో పట్టీ తెచ్చి నా ముందు పడేశాడు. దాన్ని సరిగ్గా నడిమికి కోశాను. మా షాపు తాసు మోటుది, సన్న తేడా చూపదు. అందుకని గిడ్డమ్మ ఇంట్లో మిగిలిన రెండో గడ్డపార తెమ్మన్నాను.

"ఇంగ దేనికి? కాళ్ళకా?" అంది.

"తాసుకు."

గడ్డపార నడుముకు తాడు కట్టి దూలానికి వేలాడదీశాను. చెరో కొనకు ఒక్కో కత్తి. ఎడమ వైపు వంగింది. ఆకురాయితో రుద్దాను. మళ్ళీ వేలాడదీశాను. మళ్ళీ రుద్దాను. పదకొండుసార్లు. గిడ్డమ్మ పక్కనే కూర్చుని గడ్డపార ఎటు వంగుతోందో చూసి చెబుతూ వచ్చింది. పన్నెండోసారి గడ్డపార నేలకు సమానంగా నిలిచింది. ఊరంతా ఊపిరి బిగబట్టి చూసింది, ఈగ వాలితే వంగేటట్టు ఉంది.

"మా గడ్డపార సెప్తే తప్ప ఈ కత్తి తిరగదు ఇంగ," అంది గిడ్డమ్మ, చౌడప్ప వైపు చూసి.

లెక్కకు తొమ్మిది రోజులు

టైరుకు అతుకు వేసి మూడు రోజులుగా నేనే నడుపుతున్నాను. రోజుకు ఏడెకరాలు. యంత్రం వణకడం లేదు. రోజూ పొద్దున కత్తులు విప్పి గడ్డపారకు వేలాడదీసి, అరిగినవైపు చూసి రెండోదాన్ని కూడా అంతే రుద్దుతున్నాం.

మండలి నుంచి వైజయంతి అనే పర్యవేక్షకురాలు వచ్చింది. చిన్న వయసు, ఇస్త్రీ చొక్కా. చీరిపోయి అతుకు వేసిన రేకు మీద "కాబోయే వనం" అన్న అక్షరాలు చూసింది.

"ఇది మా బోర్డు కదండీ?"

"ఔను."

"యంత్రాన్ని స్వాధీనం చేసుకోవాలి."

"తీసుకుపో తల్లీ. ఎట్ల తీసుకుపోతావు?"

ఫోన్‌లో చూసుకుంది. పట్టుకుపోయే బండికి తొమ్మిది రోజుల వంతు ఉందట. నాకు నవ్వొచ్చింది, పది రోజుల్లో మొదటిసారి. మళ్ళీ కోపమొచ్చింది. మమ్మల్ని కాపాడే యంత్రానికి మూడేళ్ళు, మా యంత్రాన్ని పట్టుకుపోవడానికి తొమ్మిది రోజులు. వాళ్ళకు ఏది ముఖ్యమో ఆ వంతులే చెబుతున్నాయి.

లెక్కకు మూడు రోజులు

మెత్తని బోల్టులు అయిపోయాయి. మేకులు వంచి వేస్తున్నాం. చేతులు బొబ్బలు. తూర్పు చేలు అయ్యాయి. మొదట కొట్టిన చోట మొద్దుల నుంచి మళ్ళీ చిగురు లేస్తోంది, పిల్లలూ ముసలివాళ్ళూ అందరూ వంగి గిల్లుతున్నారు. నడుములు విరుగుతున్నాయని ఎవరూ అనడం లేదు. నాతో మాట్లాడటానికే భయపడుతున్నారు, అది వేరే సంగతి.

లెక్క రోజు

మధ్యాహ్నం గద్ద వచ్చింది. ఊరి మీద నాలుగు చుట్లు తిరిగింది. తిరిగినంతసేపూ నేను పడమటి గట్టున ట్రాక్టరు ఆపలేదు. మా ఫోన్లలో అంకె పడింది. నూటికి నలభై తొమ్మిది.

జనం ఎగిరారు. చౌడప్ప గిడ్డమ్మను ఎత్తుకోబోయి తిట్లు తిన్నాడు. నేను ట్రాక్టరు మీదే కూర్చుని ఏడ్చాను. సంతోషంతో కాదు. ఒక్క శాతం. ఒక్క శాతం కోసం ఒక మనిషి కాలు, ఒక ఊరి ఇనుము, ఇరవై మూడు రోజులు. వచ్చే ఏడు మళ్ళీ వస్తుందట గద్ద.

మరునాడు

పట్టుకుపోయే బండి వచ్చింది. వైజయంతి నా షాపులో స్టూలు మీద కూర్చుని ఈ కాగితాలు చదివింది. చదివేకొద్దీ మొహం ఎర్రబడింది.

"ఇది దినచర్యా? ఇలా చేయండి అని నేర్పుతున్నట్టుంది!"

"ఏం చేశానో రాయమన్నారు. రాశా."

"కొలతలు తీసేయండి."

"మీ నిబంధన సదువు తల్లీ. ఒక్క అక్షరం మార్చగూడదు."

ఆమె కాగితం బల్ల మీద పడేసి, ఆఖరి పేజీ ముగించి ఇవ్వమని బయటికి వెళ్ళింది. బండివాళ్ళు యంత్రాన్ని గొలుసులతో ఎత్తుతున్నారు. ఆ చప్పుడు వింటూ ఇది రాస్తున్నాను. నలభై ఊళ్ళలో చదువుతారు. అందుకే అబద్ధం ఉండకూడదు.

లెక్కకు పద్నాలుగు రోజులున్నప్పుడు నేను రాసింది అబద్ధం. బోల్టు వదులు కాలేదు. గడ్డపార కత్తి కమాను కత్తి కంటే అరకిలో బరువు. అంత వేగంలో అరకిలో తేడా యంత్రాన్ని విరగ్గొడుతుంది. అది నాకు తర్వాత తెలిసిందేమీ కాదు. బిగించేటప్పుడే నా చేతులకు తెలిసింది. ఎడమ చేతిలో ఒకటి, కుడి చేతిలో ఒకటి పట్టుకున్నాను కదా, ముప్పై ఏళ్ళుగా ఇనుము పట్టిన చేతులు, తెలియకుండా ఉంటుందా? తాసు గోనె కింద రెండడుగుల దూరంలో ఉంది. మండలిని తిట్టడానికి నాకు భయం లేదు, ఊరిని తిట్టడానికి భయం లేదు. ఇచ్చిన ఇనుమును తూస్తే ఎవరేమనుకుంటారో అని భయపడ్డాను.

ఇవాళ పొద్దున కర్ర పట్టుకుని మద్దిలేటి వచ్చాడు. ఇదే మాట అతనితో చెప్పాను.

"నాకూ తెలుసక్కా," అన్నాడు. "బిగించేటప్పుడు కత్తులు నీకు అందిచ్చింది నేనే గదా. ఒగటి బరువుండె. ఇంటి ఇనుము గదాని గమ్మునుంటి."

నాకు అతని మీద కూడా కోపమొచ్చింది. ఎక్కువ నా మీద వచ్చింది. ఈ కోపానికి బయట ఎవరూ దొరకలేదు.

చదివేవాళ్ళు బుద్ధి తెచ్చుకోవాలని మండలి వారి కోరిక కాబట్టి, బుద్ధి చెబుతున్నాను. యంత్రం చేయండి. రెండు కత్తులూ ఒకే పట్టీలోంచి కోయండి. గడ్డపార నడిమికి తాడు కట్టి, చెరో కొనకూ ఒక్కో కత్తి వేలాడదీసి చూడండి. సమానంగా నిలిచేదాకా రుద్దండి. అది ఎవరింటి ఇనుమైనా సరే, ఇచ్చినవాళ్ళ ముందే తూచండి. వాళ్ళు తిడతారు. తిట్టించుకోండి. కాలు పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి కూర్చోవడం కంటే అది తేలిక.

వెనక గొలుసులు మరిచిపోవద్దు. మెత్తని బోల్టులు డజను కాదు, మూడు డజన్లు పెట్టుకోండి.

దస్తగిరమ్మ, నాపరాళ్ళపల్లె. ఊరు, ఈ ఏటికి.